రిపేరు చేసి పంపిన విమానంలోనే సమస్య రావడమేంటి?

కిటికీసీటు

ఈ మధ్య నేనెక్కిన విమానం టేకాఫ్ అయిన కాసేపటికే వెనక్కి తిరిగింది. పైలట్ "చిన్న సాంకేతిక సమస్య" అని ఊరుకున్నాడు. దిగాక గ్రౌండ్ స్టాఫ్ ఒకాయన నోరు జారాడు: ముందు రోజు రాత్రే ఆ విమానానికి మెయింటెనెన్స్ చేశారట, ఆ పనిలోనే ఏదో సరిగ్గా బిగించలేదట. ఎయిర్‌లైన్ పేరు వద్దులెండి, ఆయన మాట తప్ప వేరే ఆధారం లేదు. నా అనుమానం ఒక్కటే. పాతబడి పాడైందంటే అర్థం చేసుకుంటాను. చూసి, సరిచేసి, సంతకం పెట్టి పంపిన విమానంలో సమస్య రావడమేంటి? ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లెవరైనా చెప్పండి.

అడ్డుప్రశ్న

ఇందులో అర్థం కానిదేముంది? నిర్లక్ష్యం. బోల్టు బిగించమంటే బిగించలేదు. అలాంటివాణ్ని జైల్లో వేస్తే రెండోవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తాడు.

పాతకాగితాలు

అడ్డుప్రశ్న గారూ, అంత తేలిగ్గా తేల్చేయకండి. నాకు ప్రమాదాల దర్యాప్తు నివేదికలు చదివే పిచ్చి ఉంది. ఒక కేసు చెప్తాను, విన్నాక ఎవర్ని జైల్లో వేయాలో మీరే చెప్పండి.

1990 జూన్ 10. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390, బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకి. బయల్దేరిన కాసేపటికి, 17,300 అడుగుల ఎత్తులో, కెప్టెన్ ఎదురుగా ఉన్న అద్దం మొత్తం ఊడి ఎగిరిపోయింది. ఆ గాలికి కెప్టెన్ సగం శరీరం కాక్‌పిట్ బయటకి వెళ్లిపోయింది. లోపలికొచ్చిన సిబ్బంది ఆయన కాళ్లు, నడుము పట్టుకుని వేలాడారు. కో-పైలట్ ఒక్కడే విమానాన్ని సౌతాంప్టన్‌లో దింపాడు. విచిత్రం ఏంటంటే కెప్టెన్ బతికాడు, కొన్ని నెలలకే మళ్లీ డ్యూటీలో చేరాడు. విమానంలో ఉన్న 87 మందిలో ఒక్కరూ చనిపోలేదు.

ఆ అద్దాన్ని 27 గంటల ముందే మార్చారు. దాన్ని పట్టి ఉంచే 90 బోల్టుల్లో 84 సన్నవి, తేడా అంగుళంలో 0.026 వంతు. అంటే మిల్లీమీటరు కూడా లేదు. మిగతా 6 పొట్టివి.

ఆ పని చేసినవాడు కొత్త కుర్రాడు కాడు, షిఫ్ట్ మేనేజర్. మనుషులు తక్కువుండటంతో తెల్లవారుజామున తనే పనిలోకి దిగాడు. ఊడదీసిన పాత బోల్టు చేత్తో పట్టుకుని, దానికి సరిపోయేవి స్టోర్‌లో వెతికాడు. స్టోర్ ఉద్యోగి "ఆ అద్దానికి వాడేది వేరే సైజు" అని చెప్పాడు కూడా. కానీ చేతిలో ఉన్నది విమానం నుంచి తీసినదే కదా, అదే కరెక్ట్ అనుకున్నాడు. అక్కడ చాలినన్ని లేకపోతే, మసక వెలుతురులో ఉన్న ఇంకో స్టోర్‌కి వెళ్లి కంటితో, చేత్తో పోల్చి ఏరుకొచ్చాడు. చదివే కళ్లజోడు పెట్టుకోలేదు. అసలు తమాషా ఏంటంటే, ఆ పాత బోల్టులే సరైనవి కావు. ఎప్పుడో ఎవరో పొట్టివి బిగించారు, వాటితోనే అది అన్నాళ్లూ ఎగిరింది.

అడ్డుప్రశ్న

పుస్తకంలో పార్ట్ నంబరు రాసి ఉంటుంది కదండీ. చూసుకోవడానికేం రోగం?

గ్రీజుచేతులు

రోగం ఏంటో నేను చెప్తాను. జీవితంలో సగం హ్యాంగర్లలోనే గడిచింది, ఎక్కువ రాత్రి షిఫ్టులే.

విమానం పగలు ఎగురుతుంది, రాత్రి మా చేతికి వస్తుంది. తెల్లారేసరికి గేటు దగ్గర ఉండాలి. మనిషి బుర్ర బాగా మందగించేది తెల్లవారుజాము మూడు, ఐదు గంటల మధ్య. సరిగ్గా అప్పుడే నిచ్చెనెక్కి, తల మీద టార్చ్ పెట్టుకుని, చెయ్యి పట్టని సందులో స్క్రూ తిప్పాలి. పార్ట్ నంబరు చూడాలంటే నిచ్చెన దిగి, ఆఫీసుకి వెళ్లి, కంప్యూటర్ ఖాళీగా ఉంటే బొమ్మల కేటలాగ్ తెరవాలి. నాకది సమర్థన కాదు. చూడాల్సిందే. కానీ "చూసుకోవడానికేం రోగం" అనే మాట పగలు కుర్చీలో కూర్చుని అనడం తేలిక.

ఆ కేసులో నాకు గుచ్చుకునేది ఇంకోటి. అద్దం బయటి నుంచి బిగించే రకం. లోపలి గాలి దాన్ని బయటికి నెడుతుంది, ఆపేది బోల్టులే. లోపలి నుంచి కూర్చోబెట్టే రకమైతే ఆ ఒత్తిడే దాన్ని ఇంకా గట్టిగా అదిమేది. అంత కీలకమైన పనికి రెండో మనిషి తనిఖీ గానీ, నేల మీదే గాలి నింపి చూసే పరీక్ష గానీ అప్పటి రూల్స్‌లో తప్పనిసరి కాదు. ఆయన సంతకంతోనే పని ముగిసింది.

కిటికీసీటు

రెండో మనిషి చూస్తే దొరికిపోయేదా అయితే?

గ్రీజుచేతులు

చాలాసార్లు దొరుకుతుంది. అన్నిసార్లూ కాదు. పదిమంది చేతిలో పడ్డ పాము చావదు అన్నట్టు, "వాడు చూశాడులే" అని వీడు, "వీడు చూస్తాడులే" అని వాడు వదిలేసిన కథలు నాకు చాలా తెలుసు. రెండో మనిషి ఫ్రెష్‌గా రావాలి, మొదటివాడి మాట వినకుండా తన కళ్లతో చూడాలి. మా దగ్గర ఫ్లైట్ కంట్రోల్స్, అంటే విమానాన్ని తిప్పే భాగాలు, అలాంటి వాటికి అది రూలు.

పాతకాగితాలు

తనిఖీ చేయాల్సినవాడే పనిలో చెయ్యి పెడితే ఏమవుతుందో చూడండి. 1991 సెప్టెంబరు 11, అమెరికాలో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574, ఎంబ్రేయర్ 120. తోక మీది అడ్డ రెక్క అంచున, మంచు పేరుకోకుండా ఉండే రబ్బరు తొడుగు (బూట్) మార్చాలి. సాయంత్రం షిఫ్టువాళ్లు మొదలుపెట్టారు. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ కూడా పైకెక్కి సాయం చేస్తూ ఎడమ వైపు పైన ఉన్న 47 స్క్రూలు తీశాడు. షిఫ్ట్ మారింది. రాత్రి వాళ్లకి కుడి వైపు పని సంగతే తెలిసింది, ఎడమ వైపు ఎవరో ముట్టుకున్నట్టు ఏ కాగితంలోనూ సరిగ్గా లేదు. ఆ రెక్క తోక పైన, దాదాపు రెండంతస్తుల ఎత్తులో ఉంటుంది. కింద నుంచి చూస్తే పై స్క్రూలు ఎలా కనపడతాయి? పొద్దున్న మొదటి ట్రిప్ బాగానే వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఆ అంచు ఊడింది. 14 మందీ పోయారు.

గ్రీజుచేతులు

ఈ కేసు మా ట్రైనింగ్‌లో ప్రతి బ్యాచ్‌కీ చెప్తారు. నేను పని నేర్చుకున్న సీనియర్ ఒకాయన ఉండేవారు. విప్పిన స్క్రూలని గుడ్డ సంచిలో వేసి, ఆ సంచిని విప్పిన చోటే, కంటికి తగిలేలా కట్టేవారు. ట్రాలీ మీద పెడితే ఊరుకునేవారు కాదు. సగం పని వదిలి వెళ్లాల్సి వస్తే, మూత వేసినట్టు కనపడేలా ఎప్పుడూ వదలొద్దు అనేవారు. పూర్తిగా తెరిచి ఉంచు, లేదా పూర్తిగా మూసి గొళ్లేలు వెయ్యి. మధ్యస్థంగా వదిలితే తర్వాత వచ్చినవాడికి పని అయిపోయినట్టే కనపడుతుంది.

రెండో_సీటు

ఆ మధ్యస్థం గురించి పైలట్‌గా ఒక మాట. 2013 మే 24, హీత్రూ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎ319. టేకాఫ్‌లోనే రెండు ఇంజిన్ల పక్క మూతలూ చిరిగి ఎగిరిపోయాయి. ఆ ముక్కల దెబ్బకి ఇంధనం లీకై, కుడి ఇంజిన్‌కి మంటలంటుకున్నాయి. వెనక్కి వచ్చి దిగారు, అందరూ క్షేమం.

రాత్రి ఇద్దరు టెక్నీషియన్లు ఆ మూతలు తెరిచారు, లోపల ఆయిల్ చూశారు. ఆయిల్ పోసే పంపు చేతిలో లేదు. తర్వాత వద్దామని మూతలు కిందికి దించి, గొళ్లేలు వేయకుండా వెళ్లారు. తిరిగొచ్చినప్పుడు వేరే చోట నిలిపిన వేరే విమానం దగ్గరికి వెళ్లారు! అక్కడ మూతలు చక్కగా మూసి ఉన్నాయి, అయినా ఇది మన విమానం కాదేమోనన్న అనుమానం రాలేదు. అసలు విమానం గొళ్లేలు లేకుండానే తెల్లారింది.

మరి మేం, అంటే పైలట్లం, బయల్దేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూస్తాం కదా అని అడుగుతారు. చూస్తాం. ఆ గొళ్లేలు ఇంజిన్ అడుగున ఉంటాయి. మోకాళ్ల మీద వంగి, తల నేలకి ఆనించినంత పని చేస్తే గానీ కనపడవు. వానలో, టైమ్ దాటిపోతుంటే, ఎంతమంది వంగుతారు? ఆ రోజు చూసిన పైలట్‌కీ కనపడలేదు.

అడ్డుప్రశ్న

పక్క విమానం దగ్గరికి వెళ్లి పని అయిపోయిందనుకున్నారా! ఇది వింటే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. దీన్ని కూడా వెనకేసుకొస్తారా గ్రీజుచేతులు గారూ?

గ్రీజుచేతులు

వెనకేసుకురాను. కానీ ఒకటి చూడండి. ఎ320 కుటుంబంలో (ఎ319 కూడా అందులోదే) అప్పటికే అలా మూతలు ఎగిరిపోయిన ఘటనలు 30కి పైగా జరిగాయి. వేరు వేరు దేశాలు, వేరు వేరు కంపెనీలు, వేరు వేరు మనుషులు. అందరూ ఒకేలా బద్ధకస్తులా? ప్రతిసారీ "జాగ్రత్తగా ఉండండి" అని సర్క్యులర్ వచ్చేది, గొళ్లేల మీద మెరిసే రంగు వేయమనేవారు. మళ్లీ జరిగేది. చివరికి యూరప్ నియంత్రణ సంస్థ 2016లో కొత్త గొళ్లేన్నే తప్పనిసరి చేసింది. దానికి జెండా కట్టిన తాళం చెవి ఉంటుంది. గొళ్లెం సరిగ్గా పడితే తప్ప ఆ చెవి బయటికి రాదు. చెవి ఉండాల్సిన చోటు కాక్‌పిట్. అంటే పైలట్ కూర్చోగానే చెవి అక్కడ ఉందో లేదో చూస్తాడు, వానలో వంగక్కర్లేదు. మొదటి ఘటనకే ఇది చేసి ఉంటే? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే మా ఇండస్ట్రీ అలవాటు.

తొలిప్రయాణం

నిన్ననే టికెట్ బుక్ చేసుకున్నాను, ఇవాళ ఈ థ్రెడ్ కనపడాలా? 😭 ఒక ఇంజిన్ పోయినా ఇంకోటి ఉంటుంది కదా అనే ధైర్యం ఉండేది. మీరు రెండింటి మూతలూ ఒకేసారి ఎగిరిపోయాయంటున్నారు.

పాతకాగితాలు

అమ్మా, టెన్షన్ పడకండి. కానీ మీరు సరిగ్గా అసలు పాయింట్ పట్టుకున్నారు. ఇంజిన్లు ఎన్ని ఉన్నా, అన్నింటినీ ఒకే రాత్రి ఒకే మనిషి ముట్టుకుంటే, ఒకే తప్పు అన్నింట్లోనూ పడుతుంది.

1983 మే 5, ఈస్టర్న్ 855, మయామీ నుంచి నస్సావ్. మూడు ఇంజిన్ల ట్రైస్టార్. ఇంజిన్ ఆయిల్‌లో లోహపు రజను ఉందో లేదో పట్టిచ్చే అయస్కాంతపు బిరడాలు ఉంటాయి. రాత్రి వాటిని మూడింటికీ మార్చారు. మామూలుగా అవి ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు తొడిగి సిద్ధంగా దొరికేవి. ఆ రాత్రి స్టోర్ నుంచి తెచ్చినవాటికి రింగులు లేవు. ఉన్నాయనుకుని మూడూ బిగించేశారు. గాల్లోకి వెళ్లాక మూడు ఇంజిన్ల ఆయిలూ కారిపోయింది. మీటర్లు మూడూ ఒకేసారి పడిపోతుంటే మీటర్లే పాడయ్యాయనుకున్నారు పైలట్లు, మూడు ఇంజిన్లకీ ఒకేసారి ఆయిల్ పోతుందని ఎవరనుకుంటారు? కాసేపటికి మూడూ ఆగిపోయాయి. విమానం 13,000 అడుగుల నుంచి 4,000కి జారాక, ముందుగా ఆపేసిన ఇంజిన్ మళ్లీ అంటుకుంది. దానితోనే మయామీలో దిగారు. 172 మందిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

గ్రీజుచేతులు

అందుకే ఇప్పుడు సముద్రాల మీద దూరం వెళ్లే రెండు ఇంజిన్ల విమానాలకి గట్టి రూలుంది. ఒకే విడతలో ఒకే మెకానిక్ రెండు ఇంజిన్ల మీద ఒకే పని చేయకూడదు. తప్పనిసరై చేస్తే, వేరేవాడు పరీక్షించి తీరాలి. తొలిప్రయాణం గారూ, హాయిగా వెళ్లిరండి, ఈ పాఠాలన్నీ రూల్స్ అయిపోయాకే మీరు ఎక్కుతున్నారు.

అడ్డుప్రశ్న

సరే, మెకానిక్ పాపం అలసిపోయాడు, చీకటి, వాన, అన్నీ ఒప్పుకుంటాను. నేనూ కాస్త చదివొచ్చాను. అలాస్కా ఎయిర్‌లైన్స్ 261, 2000 జనవరి 31. తోక రెక్కని పైకీ కిందకీ కదిపే పెద్ద స్క్రూ. దానికి గ్రీజు సరిగ్గా పెట్టకపోవడంతో నట్ లోపలి మరలు అరిగి అరిగి ఊడిపోయాయి. 88 మంది చనిపోయారు. ఇది ఒక రాత్రి పొరపాటు కాదు. గ్రీజు పెట్టే గడువుని సాగదీస్తూ 8 నెలల దాకా తీసుకెళ్లింది కంపెనీ. దానికి ప్రభుత్వ సంస్థ ఒప్పుకుంది. ఇక్కడ నిద్రలేమి ఏది? ఇది లెక్క చూసుకుని చేసిన పని.

గ్రీజుచేతులు

ఇప్పుడు మీరూ నేనూ ఒక మాట మీదికి వచ్చాం. ఆ కేసులో నాకు కోపం తెప్పించేది ఇంకో ముక్క. 1997లో పెద్ద చెక్ జరిగినప్పుడు ఆ స్క్రూ అరుగుదల సరిగ్గా పరిమితి దగ్గరికి వచ్చింది, అంగుళంలో 0.040. మార్చాలని ఒక మెకానిక్ రాశాడు. తర్వాతి షిఫ్టువాళ్లు మళ్లీ కొలిచారు, 0.033 వచ్చింది, ఫర్వాలేదని పంపేశారు. హ్యాంగర్‌లో ఉన్నవాడికి ఈ సన్నివేశం బాగా తెలుసు. విమానం కావాలి, పార్ట్ చేతిలో లేదు, "ఇంకోసారి కొలుద్దాం" అంటారు. ఎవరూ "దొంగ లెక్క రాయి" అనరు. ఇంకోసారి కొలుద్దాం, అంతే.

రెండో_సీటు

"ఇంకోసారి కొలుద్దాం"కి అన్నలాంటిది "సరిపోతుందిలే". 2001 ఆగస్టు 24, ఎయిర్ ట్రాన్సాట్ 236, టొరంటో నుంచి లిస్బన్. కొద్ది రోజుల ముందు కుడి ఇంజిన్ మార్చారు. అరువు ఇంజిన్, మోడల్‌లో కాస్త తేడా. హైడ్రాలిక్ గొట్టం పాత రకం, ఇంధన గొట్టం కొత్త రకం, రెండింటికీ మధ్య ఉండాల్సిన సందు లేదు. ఎలాగో సర్ది బిగించారు. హైడ్రాలిక్ గొట్టంలో ఒత్తిడి పెరగ్గానే ఒకదానికొకటి రాసుకుని ఇంధన గొట్టం పగిలింది. అట్లాంటిక్ మీద రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. 306 మందితో దాదాపు 120 కిలోమీటర్లు గాలిలో తేలుతూ వెళ్లి అజోర్స్ దీవుల్లో దిగారు. లీకైన వైపుకే ఇంధనం మళ్లించడం పైలట్ల పొరపాటు, మా వాళ్ల తప్పునీ దాచను. కానీ మొదలైంది హ్యాంగర్‌లోనే.

బోల్టుబాబు

ఎవరూ చెప్పని కోణం ఒకటుంది. రిపేరు తప్పు అప్పటికప్పుడు బయటపడితే అదృష్టం. బయటపడకపోతే? జపాన్ ఎయిర్‌లైన్స్ 123. 1978లో తోక నేలకి కొట్టుకుంది. వెనక ఉండే, లోపలి గాలి ఒత్తిడిని ఆపే గోడని తయారీ కంపెనీవాళ్లే వచ్చి రిపేరు చేశారు. రెండు వరుసల రివెట్లు పని చేయాల్సిన చోట ఒక్క వరుస మీదే భారం పడేలా అతుకు వేశారు. ఏడేళ్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలింది, 520 మంది పోయారు, నలుగురు బతికారు. చైనా ఎయిర్‌లైన్స్ 611 ఇంకా దారుణం, 1980లో వేసిన అతుకు 22 ఏళ్ల తర్వాత 2002లో విడిపోయింది. 225 మంది.

నిర్వాహకుడు

చర్చ బాగుంది. ఒక మెసేజ్ తీసేశాం, ఒక కంపెనీ పేరు పెట్టి ఆధారం లేకుండా ఆరోపణ చేశారు. దయచేసి దర్యాప్తు పూర్తయిన కేసులకే పేర్లు వాడండి.

కిటికీసీటు

నేను ఒక చిన్న ప్రశ్న అడిగితే ఇంత దూరం వచ్చింది. అందరికీ థాంక్స్. మరి తప్పు చేసిన మెకానిక్ తనంతట తను వచ్చి చెప్తే ఏం చేస్తారు? ఉద్యోగం పోతుందని దాచేయడా?

గ్రీజుచేతులు

దాచేస్తాడు, ఉద్యోగం పోతుందంటే. అందుకే అడ్డుప్రశ్న గారి జైలు మందు నాకు భయం. అమెరికాలో నాసా 1976 నుంచి ఒక రిపోర్టింగ్ పద్ధతి నడుపుతోంది. మెకానిక్ కూడా రాయొచ్చు, పేరు తీసేసి అందరికీ పాఠంగా పెడతారు. తెలిసి చేసిన మోసం, దొంగ సంతకం వేరు. వాటికి క్షమాపణ లేదు. కానీ రాత్రి నాలుగు గంటలకి "ఆ గొళ్లెం వేశానా లేదా" అని ఇంట్లో మంచం మీద గుర్తొచ్చినవాడు, భయపడకుండా ఫోన్ ఎత్తగలగాలి. ఆ ఫోన్ వస్తే విమానం ఆపుతాం, గంట లేట్ అవుతుంది, ప్రయాణికులు తిడతారు. తిట్టనీయండి.

అడ్డుప్రశ్న

ఫోన్ చేసినవాణ్ని వదిలేద్దాం, ఒప్పుకుంటాను. గ్రీజు గడువు సాగదీసినవాణ్ని మాత్రం వదలను.

తొలిప్రయాణం

నాకు ఒక్కటి చెప్పండి. కిటికీలోంచి ఏదైనా తేడాగా కనపడితే సిబ్బందికి చెప్పొచ్చా? పిచ్చిదాన్ని అనుకుంటారేమో.

రెండో_సీటు

తప్పకుండా చెప్పండి. 1989 జనవరి 8న బ్రిటన్‌లోని కెగ్‌వర్త్ దగ్గర కూలిన 737లో ఎడమ ఇంజిన్ నుంచి నిప్పులు రావడం ప్రయాణికులు చూశారు. కెప్టెన్ మైకులో కుడి ఇంజిన్ ఆపేశామన్నాడు. చాలామందికి అనుమానం వచ్చింది, "ఆయనకి తెలియదా" అని ఊరుకున్నారు. 47 మంది చనిపోయారు. అది మెయింటెనెన్స్ కేసు కాదు, కానీ మీ ప్రశ్నకి జవాబు అదే. ఏ వైపు, రెక్క ముందా వెనకా, ఏం కనపడింది అని మామూలు మాటల్లో చెప్పండి చాలు. క్యాబిన్ సిబ్బంది మాకు ఇంటర్‌కమ్‌లో చెప్తారు. మేం కూర్చున్న చోటు నుంచి ఇంజిన్లు కనపడవు.

గ్రీజుచేతులు

అయితే రెక్క మీద వెండి రంగు టేపు అంటించి ఉంటే మాత్రం కంగారుపడి పిలవకండి. అది అల్యూమినియం టేపు, స్పీడ్ టేప్ అంటాం. చిన్న గీతలకి, సీలు లేచిన చోట, పుస్తకం ఒప్పుకుంటేనే, లాగ్‌లో రాసే వేస్తాం. వేయకూడని టేపు వేరే ఉంది. 1996లో పెరూలో విమానం కడిగేటప్పుడు, ఎత్తూ వేగం కొలవడానికి గాలి తీసుకునే రంధ్రాల మీద టేపు వేసి తీయడం మరిచారు. రాత్రి సముద్రం మీద పైలట్లకి తాము ఎంత ఎత్తులో ఉన్నారో తెలియలేదు, 70 మంది పోయారు. ఆ రంధ్రాలు మీ కిటికీలోంచి కనపడవులెండి, చూడాల్సింది మేమే.